మనిషికి ముప్ఫై

జూన్ 4

మామయ్యగారికి,

నమస్కారాలు. మీ మోకాళ్ళ నొప్పి ఎలా ఉంది? వదిన మాత్రలు వేళకి ఇస్తోందా? ఫోన్లో మాట్లాడదామంటే మీకు సగం వినబడదు, వినబడని సగం మీరే కల్పించుకుని జవాబు చెప్పేస్తారు. అందుకే ఉత్తరం రాస్తున్నాను.

పిల్లలు బాగున్నారు. పెద్దది ఏడో తరగతికి వచ్చింది. లెక్కల్లో అచ్చం మీ పోలికే అని వాళ్ళ టీచరుకి తెలియదు గానీ నాకు తెలుసు. చిన్నదానికి ముందు పళ్ళు రెండూ ఊడాయి. ఇప్పుడు నోరు మూసుకుని నవ్వడం నేర్చుకుంటోంది.

మీతో ఒక పని పడింది. ఈమధ్య ఇంటి ఖర్చు నా చేతిలో ఉండటం లేదు, అందులోనూ తిండి ఖర్చు. నలుగురున్న ఇంట్లో, బయట తినకుండా రెండు పూటలా వండుకుంటే పద్ధతిగా రోజుకి ఎంత అవుతుంది? ఉజ్జాయింపుగా వద్దు. వస్తువు వారీగా, కాగితం మీద, చూసిన వాళ్ళు కాదనలేనట్టు వేసి పంపండి. ముప్ఫై ఒక్క ఏళ్ళు అంత పెద్ద ఆసుపత్రి వంటశాలకి స్టోర్‌కీపరుగా చేసిన మనిషి ఇంట్లో ఉండగా నేను ఇంకెవర్ని అడుగుతాను?

మీ అబ్బాయి పని ఒత్తిడిలో ఉన్నారు, అందుకే వేరేగా రాయలేదు. మీరు మాత్రం కాస్త త్వరగా పంపాలి.

మీ కోడలు

జూన్ 9

చిరంజీవి కోడలుపిల్లకి,

ఇక్కడ నేను, నా మోకాళ్ళు, మీ వదిన విసుగు అందరం కులాసా. నీ ఉత్తరం చదివాక నాకు పదేళ్ళు తగ్గినట్టయింది. రిటైరయిన తర్వాత నన్ను లెక్క అడిగిన మొదటి మనిషివి నువ్వే. ఇక్కడ నేను అడక్కుండానే లెక్కలు చెబుతాను, అందుకని ఎవరూ వినరు.

ఉత్తరం అందిన రోజే స్కేలు వెతికించి, ఎర్ర ఇంకు తెప్పించి గళ్ళు గీశాను. రెండు రోజులు పట్టింది. మొదటిసారి నూట ముప్ఫై ఎనిమిది వచ్చింది. అది చూసి సిగ్గేసింది. ఇంత అనుభవం పెట్టుకుని నూట ముప్ఫై ఎనిమిదా! మళ్ళీ కూర్చుని, కొవ్వంతా కోసి, నూట ఇరవైకి దింపాను. బియ్యం కిలోంబావు నలభై అయిదు. పప్పు ఇరవై. నూనె పన్నెండు. కూరగాయలు ఇరవై రెండు. పాలు పధ్నాలుగు. ఉప్పూ కారం వగైరా ఏడు. మొత్తం నూట ఇరవై, అంటే మనిషికి ముప్ఫై. ఇంతకంటే తగ్గించగల మొనగాడు ఎవడైనా ఉంటే నా దగ్గరికి పంపు, నా స్కేలు బహుమతిగా ఇస్తాను.

ఆసుపత్రిలో ఎనిమిది వందల మందికి ఇదే కొలత నడిపాను. దానికే పెద్ద డాక్టరుగారు ప్రశంసాపత్రం ఇచ్చారు. అది ఇప్పుడు ఈ కూతురింట్లో గోడమీద లేదు, మంచం కింద పెట్టెలో ఉంది. మేకు కొడితే సున్నం రాలుతుందిట.

‘కాదనలేనట్టు’ అని రాశావు. కాదనేది ఎవరో నాకు తెలియదా? ఖర్చెక్కువైందని మావాడు సణుగుతున్నాడన్నమాట. వాడి సంగతి నాకు వదిలెయ్యి. కాగితం దీంతో పంపుతున్నాను. వంటింట్లో అంటించుకో.

పిల్లలిద్దరికీ ఆశీస్సులు. చిన్నదాన్ని నోరు తెరిచే నవ్వమను. పళ్ళు ఊడిన నోటికున్న అందం మళ్ళీ మొలిచాక ఉండదు.

మీ మామయ్య

జూన్ 24

మామయ్యగారికి,

కాగితం చేరింది. మీ దస్తూరి చూసి పెద్దది అచ్చు వేయించారనుకుంది. మీ గళ్ళు చూసి తన నోటు పుస్తకంలో అలాగే గీసుకుంటోంది.

పన్నెండు రోజులు అక్షరం పొల్లు పోకుండా అలాగే వండాను. ఒక్కరోజు కూడా సరిపోలేదు. మీరు కోప్పడరంటే చెబుతాను. మీరు వేసింది బస్తాల ధరేమో. మా వీధి కొట్టువాడు బియ్యం కిలో చొప్పున అమ్ముతాడు, దానికి తగ్గట్టే బాదుతాడు. బస్తా కొనాలంటే ఒక్కసారే అంత డబ్బు కావాలి. ఇంకొకటి, మీ కాగితంలో గ్యాసు లేదు. ఎన్నిసార్లు వెతికినా కనబడలేదు. పెద్దది కూడా వెతికింది.

కొట్టు ధరలు వేసి, గ్యాసు కలిపి, మీరే ఇంకోసారి లెక్క కట్టి పంపగలరా? మీ చేత్తో రాసిందైతేనే విలువ. నాకు ఇది చాలా అవసరం మామయ్యగారూ, ఎందుకని అడక్కండి. జూలై పదిహేనులోగా వస్తే చాలు.

నా పని మామూలే. బట్టల కంపెనీలో గుండీలు కుడుతున్నాను. ఈ నెల చొక్కాల బదులు పిల్లల గౌన్లు వచ్చాయి. చిన్న గుండీలు, కళ్ళు లాగుతున్నాయి. చొక్కాకి ఇచ్చిందే గౌనుకీ ఇస్తారు.

మీ కోడలు

జూలై 1

కోడలికి,

నీ ఉత్తరం నాలుగుసార్లు చదివాను. నాలుగుసార్లూ చివుక్కుమంది. నా లెక్క తప్పని ఆడిటర్లే అనలేదు. ఏటా ముగ్గురు వచ్చి, కళ్ళజోళ్ళు పెట్టుకుని వెతికి, టీ తాగి వెళ్ళేవాళ్ళు.

లెక్కలో తప్పుండదమ్మా, చేతిలో ఉంటుంది. తొక్క మందంగా తీస్తున్నావేమో చూసుకో. బియ్యం గ్లాసుతో పోయకు, పిడికిలితో పొయ్యి. గ్లాసుకి జాలి ఉండదు, పిడికిలికి ఉంటుంది. పిల్లలు కంచంలో వదిలేస్తే ఊరుకోకు. మీ అత్తయ్య నా చేత్తో రాసిన ఇలాంటి కాగితమే తీసుకుని ముప్ఫై ఏళ్ళు సంసారం నడిపింది. నెలాఖరున ఒక్కరోజు కూడా చెయ్యి చాపలేదు. ఏమే, సరిపోతోందా అని అడిగితే ‘మీరు వేశాక సరిపోకపోవడం ఏమిటి’ అనేది. పోయి ఎనిమిదేళ్ళయింది, ఆ మాట నా చెవిలో ఇంకా ఉంది.

గ్యాసు అంటావా? వంటశాలలో ఆవిరి బాయిలరు మీద ఉడికేది. దాని ఖర్చు ఇంజనీర్ల విభాగం రాసుకునేది, నాకు సంబంధం లేదు. నువ్వు మూత పెట్టి వండు.

మళ్ళీ లెక్క కట్టను. కట్టాల్సిన పని లేదు. నీ మొగుడికి నీకంటే బుద్ధుంది. వాడికీ ఒక కాపీ ఆఫీసు చిరునామాకి పంపాను, ‘ఒరేయ్, దీనిమీద ఓ పది కలిపి కోడలి చేతిలో పెట్టు, సణగకు’ అని. ఏడాదికి ఒక్కసారి కూడా ఫోన్ చెయ్యనివాడు వెంటనే చేశాడు. చెవిలో అరిచి మరీ చెప్పాడు. చాలా బాగుంది నాన్నా, కిందన నీ సంతకం పెట్టి, పాత హోదా రాసి, ముద్ర ఉంటే వేసి ఇంకో కాపీ పంపించు అన్నాడు. ముద్ర దాచుకున్నందుకు మీ వదిన నన్ను ఎన్నిసార్లు ఎగతాళి చేసిందో! పనికొచ్చింది. తండ్రి విలువ కొడుక్కి నలభయ్యో ఏట తెలిసినా సంతోషమే.

కోపం లేదు. కాస్త పొదుపు నేర్చుకో.

మామయ్య

జూలై 19

మామయ్యగారికి,

క్షేమసమాచారాలు రాసే ఓపిక లేదు.

మీ అబ్బాయి ఇల్లు వదిలి వెళ్ళిపోయి అయిదు నెలలు దాటింది. ఆఫీసుకి దగ్గర్లో వేరే ఇల్లు తీసుకున్నారు. అక్కడ ఇంకెవరున్నారో నా నోటితో చెప్పను, మీరే అడగండి. వెళ్ళిన రోజు నుంచి పిల్లలకి పైసా పంపలేదు. గుండీల డబ్బు అద్దెకీ ఫీజులకీ అయిపోతోంది. తిండికి అప్పులు చేశాను. అప్పులిచ్చేవాళ్ళూ అయిపోయాక కోర్టులో భరణానికి కేసు వేశాను. మీ గుండె సంగతి తెలిసి, మీకు చెప్పొద్దని వదిన ఒట్టు వేయించుకుంది.

కోర్టులో తిండికి ఎంతవుతుందో లెక్క చూపించమన్నారు. మా లాయరమ్మ, ఊరికే అంకె చెబితే ఒప్పుకోరు, తెలిసిన మనిషి వేసిన లెక్క కావాలంది. మీకంటే తెలిసిన మనిషి నాకెవరున్నారు? అందుకే అడిగాను. ఎందుకో చెప్పకుండా అడగడం నా తప్పే. చెప్పి ఉంటే మీరు కొవ్వంతా కోసి పంపేవారు కాదేమో.

మీ కాగితం నేను బయటపెట్టలేదు. నేనూ పెద్దదీ కూర్చుని కొట్టు ధరలతో వేసిన లెక్క ఇచ్చాం. గ్యాసుతో కలిపి మనిషికి నలభై అయిదు, ముగ్గురికి రోజుకి నూట ముప్ఫై అయిదు. అందులో దుబారా ఒక్కటి చూపించండి, చెవి కోసి ఇస్తాను.

పదిహేడో తారీఖున వాయిదా. ఆయన లాయరు లేచి ఒక కాగితం జడ్జిగారికి ఇచ్చాడు. ఎర్ర గళ్ళు దూరం నుంచే గుర్తుపట్టాను. పిల్లల సొంత తాతగారు, ముప్ఫై ఒక్క ఏళ్ళ అనుభవం, ప్రశంసాపత్రం ఉన్న మనిషి, సంతకం, ముద్ర అంటూ చదువుతున్నాడు. నలుగురికి నూట ఇరవై అయితే ముగ్గురికి తొంభై, ఈవిడ నూట ముప్ఫై అయిదు అడుగుతోంది, ఇది పిల్లల ఆకలి కాదు, భర్త మీద కసి అన్నాడు. జడ్జిగారు మీ కాగితం తిప్పి తిప్పి చూశారు. ఎంత పొందికగా ఉంది అన్నారు. మా లెక్క నోటు పుస్తకంలో చింపిన కాగితం.

ఆగస్టు పదమూడున తేలుస్తారట. తొంభై అంటే పిల్లలకి ఏం పెట్టాలో నాకు తెలియదు.

ముద్ర వేసి పంపేముందు ఒక్కసారి, ఎందుకురా ఇది అని కొడుకుని అడగాలనిపించలేదా? లేక తెలిసే పంపారా? ఎంతైనా కొడుకు కదా. పొదుపు నేర్చుకోమన్నారు. అయిదు నెలలుగా అదే నేర్చుకుంటున్నాను.

ఇట్లు

జూలై 22

అమ్మా,

నాకు తెలియదు. పిల్లల మీద ఒట్టు, నాకు తెలియదు.

నీ ఉత్తరం అందిన పూట మీ వదినని నిలదీశాను. తలొంచుకుంది. ఇంట్లో అల్లుడుగారితో సహా అందరికీ తెలుసు, నాకొక్కడికే తెలియదు. ముసలాణ్ణి కదా, గాజుగ్లాసులా పక్కన పెట్టారు.

వాడికి ఫోన్ చేశాను. ‘నీ లెక్కే కదా నాన్నా, నీ సంతకమే కదా, నేనేమైనా మార్చానా’ అన్నాడు. మార్చలేదు. ఒక్క అంకె కూడా మార్చలేదు. నేనే ఫోన్ పెట్టేశాను.

ఇంకా ఒకటి మిగిలింది. లెక్క నిజమైతే వాడు చేసింది అన్యాయమైనా లెక్క తప్పు కాదు. అది తేల్చుకోవాలి. ఇక్కడ మేమూ నలుగురమే. మీ వదిన, అల్లుడుగారు, మనవరాలు, నేను. డబ్బాలో పది రోజులకి పన్నెండు వందలు వేశాను. రేపటి నుంచి నేనే వీధి కొట్టుకి వెళ్ళి, నా కాగితం ప్రకారం నేనే వండుతాను. చూసి రాస్తాను.

మామయ్య

ఆగస్టు 2

అమ్మాయీ,

ఏడో రోజు మధ్యాహ్నం వంటకి డబ్బా తీస్తే అడుగు కనబడింది. పది రోజులకని వేసింది ఏడో రోజుకే అయిపోయింది. పిడికిలితోనే పోశాను. మూత పెట్టే వండాను. తొక్క ఎంత పల్చగా తీశానంటే మీ వదిన నవ్వింది. నీ నలభై అయిదే నిజం. నా ముప్ఫై అబద్ధం.

కొట్టువాడు నేను బేరమాడుతుంటే, తాతగారూ, మీరు చెప్పే ధరకి నాకే రాదు అన్నాడు. వెనక నిలబడ్డ వాళ్ళు నవ్వారు. ఎనిమిది వందల మందికి సరుకు తెప్పించినవాణ్ణి, అరకిలో పప్పు దగ్గర తలకొట్టేసినట్టయింది.

ఆసుపత్రిలో ఎలా సరిపోయిందా అని మూడు రోజులు ఆలోచించాను. ఆలోచించక్కర్లేదు, నాకు అప్పుడే తెలుసు. మధ్యాహ్నం పన్నెండయ్యేసరికి గేటు దగ్గర క్యారియర్లు పట్టుకుని ఇళ్ళవాళ్ళు బారులు తీరేవాళ్ళు. రోగుల్లో ముప్పావు మంది మా తిండి ముట్టుకునేవాళ్ళు కాదు. ఎవరూ లేనివాళ్ళే తినేవాళ్ళు. వాళ్ళు గిన్నె పట్టుకుని రెండోసారి వస్తే, కొలత అయిపోయింది అని నేనే పంపేసేవాణ్ణి. ఆరు వందల ఇళ్ళ వంట మీద నా ప్రశంసాపత్రం నిలబడింది.

ఇది రాయడం తేలిక. తర్వాతది రాయలేకపోతున్నాను. అయినా రాస్తాను.

డబ్బా ఖాళీ అయిన రోజు నేను వంటింట్లో కూలబడి, మరి మీ అమ్మ ఎలా నడిపిందే అని మీ వదినని అడిగాను. అది గిన్నె తోముతూనే చెప్పింది. నేను తొమ్మిదింటికి డ్యూటీకి వెళ్ళగానే మీ అత్తయ్య వెనక వీధిలో రెండిళ్ళకి వెళ్ళి అంట్లు తోమేదిట. నేను వచ్చేసరికి బట్టలు మార్చుకుని, తల దువ్వుకుని గుమ్మంలో కూర్చునేదిట. పిల్లలిద్దరికీ తెలుసు. నాన్నకి చెబితే చచ్చినంత ఒట్టు అని చెప్పిందిట. మావాడికీ తెలుసమ్మా. తెలిసే వాడు ఆ కాగితం కోర్టులో పెట్టాడు.

ఆవిడ చేతులు ఎప్పుడూ పగిలి ఉండేవి. సబ్బు పడటం లేదేమో అని ఆసుపత్రి నుంచి మలాం తెచ్చి ఇచ్చేవాణ్ణి. ఇరవై ఏళ్ళు తెచ్చి ఇచ్చాను. ఒక్కసారైనా ఎందుకు పగులుతున్నాయని అడగలేదు. రాసుకో, తగ్గిపోతుంది అనేవాణ్ణి.

పదమూడున నేను వస్తున్నాను. బోనెక్కి అంతా చెబుతాను. మీ లాయరమ్మకి చెప్పి ఉంచు. నా లెక్క తప్పని నేనే చెప్పాక ఎవరు కాదంటారు? ధైర్యంగా ఉండు.

మీ మామయ్య

ఆగస్టు 16

అమ్మా,

కోర్టు వరండాలో నువ్వు నా ముందు నుంచే వెళ్ళిపోయావు, ఆగలేదు. ఆగకపోవడమే న్యాయం. పెద్దది మాత్రం వెనక్కి తిరిగి చూసింది. ఆ చూపు తప్పించుకోవడానికి నేను కళ్ళజోడు తుడుచుకున్నాను.

నువ్వు వెనక బెంచీలో ఉన్నావు, నా మొహం నీకు కనబడి ఉండదు. అందుకని రాస్తున్నాను. క్షమించమని కాదు.

సంతకం నాదేనా అంటే నాదే అన్నాను. కానీ లెక్క తప్పండీ అని కూడా అన్నాను, అది నువ్వు విన్నావు. తప్పు లెక్కకే ప్రశంసాపత్రం ఇచ్చారా అని మావాడి లాయరు అడిగితే అందరూ నవ్వారు. క్యారియర్ల సంగతి చెప్పాను. వినేవాళ్ళు విన్నారు. అప్పుడు ఆ లాయరు కాగితాలు సర్దుకుంటూ, ఏమీ పట్టనట్టు, మీ భార్యగారు ఈ కొలతతోనే ముప్ఫై ఏళ్ళు ఇల్లు నడిపారా లేదా అన్నాడు.

చెప్పడానికే వచ్చాను కదా. రైల్లో వంద సార్లు అప్పజెప్పుకున్నాను. ఎదురుగా మావాడు కూర్చుని ఉన్నాడు. నేను చెప్పనని వాడికి తెలుసు. ఆ ధీమా వాడి మొహంలో చూశాను. హాలు నిండా జనం. వాళ్ళందరి ముందూ నా భార్య ఊళ్ళో అంట్లు తోమిందనాలి. నడిపింది అన్నాను. జడ్జిగారు మంచాయన, పెద్దవారూ ఇంకేమైనా చెబుతారా అని అడిగారు. ఆ అవకాశం కూడా ఇచ్చారమ్మా. లేదండీ అని మెట్లు దిగేశాను.

ఆవిడ పరువు కాపాడాననుకున్నాను, మెట్టు దిగేదాకా. కింద కాలు పెట్టగానే తెలిసింది, కాపాడుకున్నది నా పరువు. ఆవిడకి పరువు తక్కువ పనేమీ లేదు. నా పిల్లలకి అన్నం పెట్టింది. సిగ్గుపడాల్సింది నేను. పడాల్సిన చోట పడలేదు.

తీర్పు తొంభైకే ఖాయమైందని మీ వదిన చెప్పింది. నా పింఛనులో సగం ఇక్కడ నా ఖర్చుకి ఇస్తాను, మిగతాది మందులకి పోతుంది. ఈ నెల మందులు కొనలేదు. రెండు వందలు మనియార్డరు చేశాను. తిప్పి పంపకు.

మామయ్య

సెప్టెంబరు 5

మామయ్యగారికి,

మనియార్డరు అందింది. తిప్పి పంపేంత పౌరుషం నాకు లేదు, తీసుకున్నాను. మీరు మందులు మానొద్దు. మీకేమైనా అయితే వదిన నన్ను అంటుంది, నన్ను నేనే అనుకుంటాను.

మీ మీద కోపం పోయిందని రాయలేను. పోలేదు. బోను దిగి వస్తుంటే మీ చెప్పు జారిపోయింది. ఎవరూ పట్టించుకోలేదు, మీరే వంగి తొడుక్కున్నారు. లేచి వచ్చి చెయ్యి పట్టుకుందామనుకుని కూడా కూర్చుండిపోయాను. ఆ సంగతి మాత్రం చెప్పాలనిపించింది.

పై కోర్టుకి వెళ్ళొచ్చు, ఏడాది పడుతుందని లాయరమ్మ అంది. ఏడాది పిల్లలు ఏం తింటారని అడిగితే ఆవిడ చేతి గడియారం చూసుకుంది. పాపం ఆవిడ మాత్రం ఏం చేస్తుంది.

అసలు సంగతికి వస్తాను. ఇది రాయడానికి మీరు తప్ప నాకింకెవరూ లేరు.

మూడు వారాలుగా తొంభైతోనే నడుపుతున్నాను. పాలు మానేశాం. నేను రెండో పూట తినడం మానేశాను, అది పెద్ద విషయం కాదు, కంపెనీలో టీ ఇస్తారు. అయినా సరిపోయేది కాదు. కానీ పది రోజులుగా సరిపోతోంది. ఎలాగో నాకు అర్థం కాలేదు. గిన్నెలో అన్నం మిగులుతోంది. నేనే సంతోషపడి, చెయ్యి తిరిగిందనుకున్నాను. మీరు చెప్పిన పొదుపు చివరికి వచ్చిందనుకుని నవ్వుకున్నాను కూడా.

సోమవారం బడి నుంచి పిలిచారు. మధ్యాహ్నం అందరూ డబ్బాలు విప్పుకుంటుంటే పెద్దది కుళాయి దగ్గర నిలబడి నీళ్ళు తాగుతోందట. రోజూ అంతేనట. ఆ రోజు అక్కడే కూలబడింది. డబ్బా ఏదని టీచరు అడిగితే చెల్లికి ఇచ్చేశాను అందట. రాత్రి నాకు ఆకలి లేదమ్మా, స్నేహితురాలింట్లో తిన్నాను అంటుంటే నేను నమ్మాను. గుండీలు కుట్టి కుట్టి కళ్ళు మూతలు పడుతూ ఉండేవి, దాని మొహంలోకి చూడలేదు.

ఇంటికి తీసుకొచ్చి సంచీ దులిపాను. నోటు పుస్తకం దొరికింది. మీలాగే ఎర్ర గళ్ళు గీసింది. పైన ముగ్గురి వరసలూ ఉన్నాయి. అమ్మ నలభై అయిదు. చెల్లి నలభై అయిదు. మూడోది తనది. దాన్ని స్కేలు పెట్టి నీటుగా కొట్టేసింది. కింద మొత్తం తొంభై. సంతకం కూడా పెట్టింది మామయ్యగారూ.

కొట్టాను. పుట్టాక మొదటిసారి దాన్ని కొట్టాను. అది ఏడవలేదు. ‘తాతయ్య తొంభై అని సంతకం పెట్టాడు కదమ్మా, తాతయ్య లెక్క తప్పదు, మనలోనే ఒకరు ఎక్కువున్నారు’ అంది. తర్వాత ఇద్దరం కూర్చుని ఏడ్చాం. చిన్నది ఎందుకో తెలియక మాతోపాటు ఏడ్చింది.

నేను తాతయ్య లెక్క తప్పు అని వంద సార్లు చెప్పాను. నమ్మడం లేదు. కోర్టులో మీరు నడిపింది అనడం అది తన చెవులతో విన్నది. కంచం ముందు కూర్చోబెడితే రెండు ముద్దలు తిని లేచిపోతోంది. నిన్నా అంతే, ఈరోజూ అంతే.

డబ్బు పంపొద్దు, నేను అడగను. మీరు రండి. దాని ఎదురుగా కూర్చుని, అత్తయ్య చేసిన పని చేసినట్టు చెప్పండి, మీ నోటితో. జడ్జిగారికి చెప్పలేకపోయారు, సరే. పన్నెండేళ్ళ పిల్లకి చెప్పండి. అది మీ మాట ఒక్కటే నమ్ముతుంది.

త్వరగా రండి మామయ్యగారూ. అది బాగా చిక్కిపోయింది.

మీ కోడలు